ఎద్దడి వేళ బడికి నీటి హామీ: సైబరాబాద్ ప్రాంత ఉమ్మడి సభ తీర్మానం

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ, మణికొండ, నల్లగండ్ల, మియాపూర్ ప్రాంతాల ప్రభుత్వ, ప్రైవేటు పాఠశాలల యాజమాన్య కమిటీల సభ్యులు, ప్రధానోపాధ్యాయులు, తల్లిదండ్రులు, కాలనీ, బస్తీ సంక్షేమ సంఘాల ప్రతినిధులు ఉమ్మడి సభగా సమావేశమై, నీటి ఎద్దడి కాలంలో స్థానిక సంస్థలూ పాఠశాలలూ నీటిని పంచుకోవలసిన పద్ధతిపై చర్చించి ఆమోదించిన తీర్మానం.

ఈ తీర్మానంలో ‘స్థానిక సంస్థలు’ అంటే ఆయా ప్రాంతాల పురపాలక సంస్థలు, పారిశ్రామిక ప్రాంతాల్లో పురపాలక బాధ్యత చూసే ‘ఐలా’లు. ‘జలమండలి’ అంటే 1989 చట్టం కింద ఏర్పడిన హైదరాబాద్ మహానగర నీటి సరఫరా, మురుగునీటి పారుదల మండలి. ‘పాఠశాల’ అంటే ప్రభుత్వ, ఎయిడెడ్, ప్రైవేటు బడులన్నీ. అంగన్‌వాడీ కేంద్రాలు కూడా.

ఒకటో భాగం: సభ గమనించిన విషయాలు

1. ఈ సభ గమనించినది ఏమనగా, నీటి కోసం హైదరాబాద్ పోవలసిన దూరం తరతరానికీ పెరిగింది. 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రూపుదిద్దుకున్న ఉస్మాన్‌సాగర్ 1920లో, ఆ తర్వాత హిమాయత్‌సాగర్ 1927లో నగరానికి అందివచ్చాయి. అవి చాలక మంజీరా, అదీ చాలక సింగూరు, ఆపైన 2004, 2008, 2015 సంవత్సరాల్లో మూడు దశలుగా నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీరు, 2015లోనే ఎల్లంపల్లి నుంచి గోదావరి నీరు వచ్చాయి. వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో నడిచి వచ్చే నీరు దారిలో ఎక్కడ ఆగినా ఈ ప్రాంతపు నల్లా ఎండుతుంది.

2. ఈ సభ గమనించినది ఏమనగా, 2016 వేసవిలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, సింగూరు, మంజీరా నాలుగూ ఒకే ఏడాది అడుగంటాయి. కొద్ది నెలల ముందే గోదావరి పైపులైను సిద్ధం కావడంతో నగరం గట్టెక్కింది. కాలం కలిసివచ్చి తప్పిన ముప్పును ముందుచూపుతో తప్పించినట్టు లెక్కవేయరాదు.

3. ఈ సభ గమనించినది ఏమనగా, 2023 వానాకాలంలో కృష్ణా పరీవాహకంలో వానలు తగ్గాయి. 2024 వేసవికి 590 అడుగుల పూర్తి మట్టం గల నాగార్జునసాగర్‌లో నీరు కనీస మట్టమైన 510 అడుగుల దరిదాపుకు దిగి, నగరం కోసం అత్యవసర పంపింగ్‌కు ఏర్పాట్లు చేయవలసి వచ్చింది. ఆ వేసవిలోనే నగరపు పడమటి భాగంలో బోర్లు ఎండి ట్యాంకర్లకు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. ఐటీ కారిడార్‌లోని అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు, కార్యాలయాలు, పాఠశాలలు అన్నీ ఒకే ట్యాంకరు కోసం ఎదురుచూసే స్థితి ఏర్పడింది.

4. ఈ సభ గమనించినది ఏమనగా, ఎద్దడి ముదిరే రోజులూ బడిలో రద్దీ తగ్గని రోజులూ ఒక్కటే. మార్చి 15 ప్రాంతంలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఉదయం 8 గంటల నుంచి మధ్యాహ్నం 12.30 వరకు తరగతులు, ఆ తర్వాత మధ్యాహ్న భోజనం. పదో తరగతి పరీక్షలు అప్పుడే. పరీక్షా కేంద్రాలైన బడుల్లో ఉదయం పరీక్ష, మధ్యాహ్నం తరగతులు జరుగుతాయి కనుక అక్కడ నీటి వాడకం రోజంతా ఉంటుంది. ఏప్రిల్ చివరి వారం నుంచి సెలవులు. జూన్ 12న బడి తెరిచే నాటికి తొలకరి పలకరించినా జలాశయాలు నిండవు. కాబట్టి బడికి కష్టకాలం మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒకసారి, జూన్‌లో మరొకసారి వస్తుంది.

5. ఈ సభ గమనించినది ఏమనగా, జాతీయ ప్రమాణాల ప్రకారం పగటి బడిలో ఒక విద్యార్థికి రోజుకు 45 లీటర్ల నీరు కావాలి. కార్యాలయంలో పనిచేసే ఉద్యోగికి నిర్ణయించినదీ 45 లీటర్లే. అద్దాల భవనంలోని ఇంజినీరుకూ, దాని వెనక బస్తీ బడిలోని పిల్లకూ ప్రమాణం ఒకే కొలతను ఇచ్చింది. 500 మంది పిల్లలున్న బడికి ఈ లెక్కన రోజుకు 22,500 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగున్నర అవసరం.

6. ఈ సభ గమనించినది ఏమనగా, వసతులు తక్కువగా ఉన్న చోట్ల బడులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన కొలత ప్రకారం తాగడానికి, చేతులు కడుక్కోవడానికి, శుభ్రతకు కలిపి ఒక్కొక్కరికి రోజుకు కనీసం 5 లీటర్లు కావాలి. ఫ్లష్ మరుగుదొడ్లు ఉంటే మరో 10 నుంచి 20 లీటర్లు తోడవుతాయి. ఎంతటి ఎద్దడిలోనైనా దీనికి దిగువకు పోతే బడి నడవడం పిల్లల ఆరోగ్యానికే ముప్పు.

7. ఈ సభ గమనించినది ఏమనగా, 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో పిల్లలందరికీ సురక్షితమైన, సరిపడా తాగునీరు, బాలురకూ బాలికలకూ వేరువేరు మరుగుదొడ్లు తప్పనిసరి. పాఠశాలల్లో తాగునీరు, మరుగుదొడ్ల ఏర్పాటుకు సుప్రీంకోర్టు 2012 అక్టోబరులో రాష్ట్రాలకు ఆరు నెలల గడువు విధించింది. రాజ్యాంగం 12వ షెడ్యూలు నీటి సరఫరాను పురపాలక సంస్థల విధుల జాబితాలో చేర్చింది. బడికి నీరు ఇవ్వాలా అన్న ప్రశ్నను చట్టం ఏనాడో తేల్చింది. ఎద్దడి రోజున ఎవరు, ఎంత, ఎప్పుడు ఇవ్వాలన్నదే తేలవలసి ఉంది.

8. ఈ సభ గమనించినది ఏమనగా, ఈ ప్రాంతమంతా గ్రానైటు రాతి నేల. ఇక్కడ భూగర్భజలం రాతి పగుళ్లలోనే నిలుస్తుంది. ఒక ఆవరణలో బోరు లోతు పెంచితే పక్క ఆవరణ బోరు ఎండడం ఇక్కడివారందరికీ అనుభవమే. బోర్ల నమోదునూ, వాటి మధ్య దూరాన్నీ 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం నియంత్రిస్తున్నది.

9. ఈ సభ గమనించినది ఏమనగా, ఈ కారిడార్‌లో నీటికీ పన్నుకూ బడికీ అధికారులు వేరువేరు. శేరిలింగంపల్లి పురపాలక సంఘం 2007 ఏప్రిల్ 16న గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. ఐటీ పార్కులు ఐలాల కింద ఉన్నాయి. కొన్ని అడుగుల దూరంలో జిల్లా మారి రంగారెడ్డి, సంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి విద్యాధికారుల పరిధులు మొదలవుతాయి. హద్దులు ఎన్నిసార్లు మారినా బడి సంపులో నీరు నింపే బాధ్యత ఎవరో ఒకరి పేరు మీద స్పష్టంగా ఉండాలి.

10. ఈ సభ గమనించినది ఏమనగా, ఇరుగుపొరుగు నగరాల అనుభవం హెచ్చరికగా ముందే ఉంది. 2019 వేసవిలో చెన్నై జలాశయాలు ఎండినప్పుడు ఐటీ సంస్థలు ఉద్యోగులను ఇంటి నుంచి పనిచేయమన్నాయి, కొన్ని బడులు పని గంటలు తగ్గించుకున్నాయి, జోలార్‌పేట నుంచి రైలులో నీరు తేవలసి వచ్చింది. 2024 మార్చిలో బెంగళూరులో కొన్ని బడులు తరగతులను ఆన్‌లైన్‌కు మార్చాయి. ఉద్యోగి పని ఇంటి నుంచి సాగుతుంది. మధ్యాహ్న భోజనం కోసం బడికి వచ్చే పిల్లకు ఆన్‌లైన్ తరగతి అన్నం పెట్టదు.

11. ఈ సభ గమనించినది ఏమనగా, పంచుకుని గట్టెక్కిన ఉదాహరణలూ ఉన్నాయి. చెన్నై దాహం తీర్చడానికి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర తమ కృష్ణా వాటాల నుంచి తలా 5 టీఎంసీలు ఇవ్వడానికి ఒప్పుకోగా తెలుగుగంగ వచ్చింది. 1996లో ఆ నీరు తమిళనాడు చేరింది. 2018లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరం మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి పెట్టుకుంది. సమీప గ్రోయెన్‌లాండ్ రైతుల నీటి సంఘం తన జలాశయం నుంచి 1,000 కోట్ల లీటర్లు నగరానికి వదిలింది. ఈ రెండు చోట్లా పంపకం లెక్క ప్రకారం జరిగింది.

రెండో భాగం: సభ విచారం

12. ఈ సభ విచారిస్తున్నది ఏమనగా, ఎద్దడి రోజుల్లో బడికి నీరు రావడం నేటికీ పరిచయాల మీద, ఫోన్ల మీద, ప్రధానోపాధ్యాయుల వ్యక్తిగత చొరవ మీద నడుస్తున్నది. చొరవ గల ప్రధానోపాధ్యాయుడు బదిలీ అయితే బడి నీటి దారి కూడా మూసుకుపోతున్నది.

13. ఈ సభ విచారిస్తున్నది ఏమనగా, నీటి కొరత భారం అందరి మీదా సమానంగా పడడం లేదు. మరుగుదొడ్డికి నీళ్లు లేని రోజున ముందుగా బడి మానేది ఎదిగిన ఆడపిల్లలు. బిందెలు మోసేది వంట చేసే మహిళలు, ఆయమ్మలు. దాహాన్ని ఓర్చుకుని, తక్కువ తాగి కూర్చునేది చిన్న పిల్లలు. వీరి గొంతు ఏ ట్యాంకరు బుకింగ్‌లోనూ వినిపించదు.

14. ఈ సభ విచారిస్తున్నది ఏమనగా, ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న రెండు బడుల్లో ఒకదానిలో పచ్చిక మైదానానికి నీరు పారుతుండగా మరొకదానిలో చేతులు కడుక్కోవడానికి నీరు లేని పరిస్థితి ఈ ప్రాంతంలో ఉన్నది. ఇందుకు ఏ ఒక్క సంస్థనూ నిందించడం సభ ఉద్దేశం కాదు. పంచుకోవాలనుకున్నవారికి కూడా ఇంతవరకు ఒక పద్ధతి లేదు. ఆ లోటుకు ఈ సభలోని వారందరూ బాధ్యులే.

15. ఈ సభ విచారిస్తున్నది ఏమనగా, గోల్కొండ కోటకు తాగునీరు అందించిన చెరువుగా పేరున్న దుర్గం చెరువు మొదలు మల్కం చెరువు, ఖాజాగూడ చెరువు, గోపి చెరువు, నల్లగండ్ల చెరువు వరకు ఈ ప్రాంతపు చెరువులు భూమిలోకి నీరు ఇంకించే శక్తిని చాలావరకు కోల్పోయాయి. ఉన్న చెరువును కాపాడుకోలేని ప్రాంతం రెండు నదుల నీటి మీద ఎల్లకాలం ఆధారపడజాలదు.

మూడో భాగం: సభ వైఖరి

16. ఈ సభ ప్రకటిస్తున్నది ఏమనగా, బడి పిల్లలకు నీరు హక్కు. దాత మనసు, అధికారి వీలు, బడి స్తోమత మీద అది ఆధారపడరాదు. ఎద్దడిలో ఆసుపత్రి తర్వాతి వరుసలో బడి ఉండాలి. వాణిజ్య అవసరాలన్నీ బడి తర్వాతే.

17. ఈ సభ ప్రకటిస్తున్నది ఏమనగా, పంపకం రెండువైపులా నడవాలి. ఎద్దడిలో బడికి మొదటి వంతు ఇవ్వడం స్థానిక సంస్థల బాధ్యత అయితే, తనకు మిగిలిన నీటిని బస్తీకీ పొరుగు బడికీ ఇవ్వడం బడి బాధ్యత. కాకతీయుల కాలం నుంచి తెలంగాణ గొలుసుకట్టు చెరువుల్లో ఎగువ చెరువు నిండాక అలుగు పారి దిగువ చెరువుకు నీరు చేరినట్టే, ఒక ఆవరణ అవసరం తీరాక మిగిలినది తర్వాతి ఆవరణకు చేరాలి. ఆ చెరువుల కింద ఏ మడికి ఎంత పారాలో చూడడానికి ఊరు నీరటిని పెట్టుకుంది. ఈ ప్రాంతానికీ అటువంటి ఒక బాధ్యుడు ఉండాలి.

18. ఈ సభ ప్రకటిస్తున్నది ఏమనగా, ప్రభుత్వ బడి పిల్లకూ ప్రైవేటు బడి పిల్లకూ కనీస కొలత ఒక్కటే. ఫీజు కట్టిన కారణంగా ఎక్కువ, కట్టని కారణంగా తక్కువ అన్న లెక్క నీటి విషయంలో చెల్లదు.

19. ఈ సభ ప్రకటిస్తున్నది ఏమనగా, పంచుకున్న నీరు అమ్మకపు సరుకు కాదు. రవాణా, శుద్ధి ఖర్చులకు మించి ఎవరూ ఎవరి వద్దా రుసుము తీసుకోరాదు.

20. ఈ సభ ప్రకటిస్తున్నది ఏమనగా, పాఠశాలలు తమలో తాము నీరు పంచుకోవడం వల్ల స్థానిక సంస్థల, జలమండలి బాధ్యత ఏమాత్రం తగ్గదు. ఎద్దడి తీరేవరకు ఇది అదనపు ఏర్పాటు మాత్రమే. బడికి నల్లా కనెక్షను, తగిన ఒత్తిడి, క్రమం తప్పని సరఫరా ఇవ్వవలసినది ఆ సంస్థలే.

నాలుగో భాగం: సభ నిర్ణయాలు

21. ఈ సభ తీర్మానించినది ఏమనగా, ఎద్దడి కాలంలో ప్రతి విద్యార్థికీ, ఉపాధ్యాయునికీ, వంట, పారిశుద్ధ్య సిబ్బందికీ రోజుకు 15 లీటర్లు కనీస కొలతగా ఉండాలి. ఇందులో 5 లీటర్లు తాగడానికి, చేతుల శుభ్రతకు. 10 లీటర్లు మరుగుదొడ్లకు. భోజనం బడిలోనే వండే చోట వంటకూ గిన్నెలకూ కావలసిన నీటిని దీనికి అదనంగా లెక్కించాలి. 500 మంది ఉన్న బడికి ఈ కనీస కొలత రోజుకు 7,500 లీటర్లు అవుతుంది. మామూలు రోజుల ప్రమాణం 45 లీటర్లుగానే కొనసాగుతుంది. కనీస కొలతను సాధారణ సరఫరా తగ్గించడానికి సాకుగా వాడరాదు.

22. ఈ సభ తీర్మానించినది ఏమనగా, బడి లోపల నీటి వరుస ఇలా ఉండాలి: మొదట తాగునీరు, రెండవది వంట, మూడవది చేతుల శుభ్రత, నాలుగవది మరుగుదొడ్లు, అందులోనూ బాలికల మరుగుదొడ్లు ముందు. ఎద్దడి ప్రకటించిన రోజు నుంచి మైదానాలు తడపడం, బస్సులు కడగడం, ఈతకొలను నింపడం పూర్తిగా ఆపాలి.

23. ఈ సభ తీర్మానించినది ఏమనగా, ఎద్దడిని మూడు మెట్లుగా గుర్తించాలి. ఒకటో మెట్టు ఏటా మార్చి 1న తనంతట తానే మొదలవుతుంది. ఆ రోజు నుంచి ప్రతి బడి తన సంపు మట్టాన్ని రోజూ రాసుకోవాలి. నల్లా నీటి వంతు వరుసగా రెండుసార్లు తప్పినా, బడి బోరు ఎండినా రెండో మెట్టు; అప్పుడు ట్యాంకరు వరుసలో ఆ బడికి మొదటి స్థానం రావాలి. సంపులో ఒక రోజు కనీస కొలతకు సరిపడా నీరు లేకపోతే మూడో మెట్టు. అప్పుడు పొరుగు బడి, సమీప ఆవరణలు తమ నిల్వ నుంచి అదే రోజు నీరు ఇవ్వాలి.

24. ఈ సభ తీర్మానించినది ఏమనగా, ప్రతి బడీ జనవరి నెల ముగిసేలోగా స్థానిక సంస్థతో, జలమండలి సెక్షన్ కార్యాలయంతో నీటి ఒప్పంద పత్రం రాసుకోవాలి. అందులో విద్యార్థుల సంఖ్య, సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకుల సామర్థ్యం, నల్లా కనెక్షను నంబరు, బోరు లోతు, ట్యాంకరు లోపలికి రాగల దారి, ఎద్దడి రోజున నీరు ఇచ్చేవారు, పుచ్చుకునేవారు స్పష్టంగా ఉండాలి. బాధ్యత వ్యక్తి పేరు మీద కాక హోదా మీద రాయాలి. బదిలీతో ఒప్పందం ఆగిపోరాదు.

25. ఈ సభ తీర్మానించినది ఏమనగా, రెండో మెట్టులో ఉన్న బడికి ట్యాంకరు ఉదయం 7.30 లోపు చేరాలి. పరీక్షా కేంద్రానికి ముందు రోజు సాయంత్రమే చేరాలి. పిల్లలు ఆవరణలో తిరిగే సమయంలో ట్యాంకరు లోపలికి రారాదు.

26. ఈ సభ తీర్మానించినది ఏమనగా, సొంత బోరు, శుద్ధి యంత్రం, పెద్ద సంపు ఉన్న బడులు తమ కనీస అవసరానికి మించిన నీటిని సమీప ప్రభుత్వ బడికీ, అంగన్‌వాడీకీ, బస్తీకీ ఇవ్వాలి. ఒంటిపూట బడి రోజుల్లో మధ్యాహ్న భోజనం ముగిశాక, వేసవి సెలవుల్లో రోజంతా ఈ సౌకర్యం నడవాలి. ప్రహరీ బయటివైపు కుళాయి పెట్టి దీన్ని నడపాలి; పిల్లల భద్రత దృష్ట్యా బయటివారు ఆవరణలోకి రావలసిన అవసరం ఉండరాదు. పరీక్షా కేంద్రాలకు ఈ నియమం పరీక్షలు ముగిశాకే వర్తిస్తుంది. వేసవిలో చలివేంద్రం పెట్టే అలవాటున్న సమాజానికి ఇది కొత్త ధర్మం కాదు.

27. ఈ సభ తీర్మానించినది ఏమనగా, పంపకం పేరుతో కొత్త బోరు వేయరాదు, ఉన్న బోరు లోతు పెంచరాదు. పంచే బోరుకు మీటరు ఉండాలి. మట్టం పడిపోతున్నట్టు కనిపిస్తే బోరుకు విరామం ఇచ్చి, దాని నీరు పొందే బస్తీకి ట్యాంకరు ఏర్పాటు చేయాలి.

28. ఈ సభ తీర్మానించినది ఏమనగా, తాగడానికి ఇచ్చే నీటికి పరీక్ష తప్పనిసరి. కుళాయి దగ్గర మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. బోరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 45 మిల్లీగ్రాముల పరిమితి దాటితే దాన్ని మరుగుదొడ్లకే వాడాలి. ఫలితాన్ని గోడ మీద రాయాలి. ప్రతి సంపునూ మార్చి 1కి ముందు ఒకసారి, జూన్ 12కు ముందు మరొకసారి కడిగించాలి.

29. ఈ సభ తీర్మానించినది ఏమనగా, నీరు లేదన్న కారణంతో ఏ పిల్లనూ ఇంటికి పంపరాదు, ఏ తరగతినీ రద్దు చేయరాదు. మూడో మెట్టు ఏర్పాట్లన్నీ విఫలమైన రోజున మాత్రమే విద్యాధికారి అనుమతితో సెలవు ఇవ్వవచ్చు. ఆ రోజు కూడా మధ్యాహ్న భోజనం ఆగరాదు. ఇంటి నుంచి తెచ్చుకునే సీసా అలవాటుగా ఉండవచ్చు గానీ, బడి ఇవ్వవలసిన నీటికి అది బదులు కాదు.

30. ఈ సభ తీర్మానించినది ఏమనగా, నీటి పేరుతో తల్లిదండ్రుల నుంచి అదనపు రుసుము వసూలు చేయరాదు. ప్రభుత్వ బడుల ట్యాంకరు ఖర్చు స్థానిక సంస్థ భరించాలి. ప్రైవేటు బడులు తమ ఖర్చు తాము భరించాలి.

31. ఈ సభ తీర్మానించినది ఏమనగా, ప్రతి బడిలో నీటి పద్దు పుస్తకం ఉండాలి. వచ్చిన నీరు, వాడిన నీరు, ఇచ్చిన నీరు రోజువారీగా అందులో రాయాలి. ఆ అంకెలే గేటు దగ్గర బోర్డు మీద కనిపించాలి. పై తరగతుల విద్యార్థులు ఉపాధ్యాయుల పర్యవేక్షణలో ఈ పద్దు రాయవచ్చు. తమ బడికి ఎన్ని నీళ్లు వచ్చాయో, ఎన్ని ఇచ్చారో తెలిసిన పిల్లలు పెద్దయ్యాక నీటిని వృథా చేయరని ఈ సభ నమ్మకం.

32. ఈ సభ తీర్మానించినది ఏమనగా, ప్రతి వార్డుకు ఐదుగురితో నీటి పంపక సంఘం ఏర్పడాలి: ఒక ప్రధానోపాధ్యాయులు, తల్లిదండ్రుల ప్రతినిధి, స్థానిక సంస్థ ప్రతినిధి, జలమండలి సెక్షన్ ప్రతినిధి, బస్తీ మహిళా ప్రతినిధి. మెట్టు ప్రకటించడం, వరుస నిర్ణయించడం, వివాదాన్ని 24 గంటల్లో తేల్చడం ఈ సంఘం పని. 2024లో మహిళా సంఘాల భాగస్వామ్యంతో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నచోట మహిళా ప్రతినిధిని వాటి నుంచే తీసుకోవాలి.

33. ఈ సభ తీర్మానించినది ఏమనగా, ప్రతి బడి కప్పు మీద పడే వాన నీరు ఆ ఆవరణ దాటి పోరాదు. హైదరాబాద్‌లో ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 1,000 చదరపు మీటర్ల కప్పు మీద ఇది 8 లక్షల లీటర్లు. ఐదో వంతు వృథా అయినా 6,40,000 లీటర్లు మిగులుతాయి. 500 మంది ఉన్న బడికి ఇది 85 రోజుల కనీస కొలత. అంత నీటిని నిల్వచేయడం అన్ని బడులకూ సాధ్యం కాదు. ఇంకుడు గుంతల ద్వారా నేలకు ఇవ్వడం అన్ని బడులకూ సాధ్యమే. గుంతల పూడికతీత మే నెలాఖరులోగా పూర్తికావాలి.

ఐదో భాగం: సభ కోరుతున్న చర్యలు

34. ఈ సభ జలమండలిని కోరునది ఏమనగా, ట్యాంకరు బుకింగ్‌లో బడులకు వేరే వరుస ఏర్పాటు చేయాలి. ఎద్దడి కాలంలో ఆ వరుసలోకి వాణిజ్య బుకింగ్‌లు చొరబడకుండా చూడాలి. నీరు వదిలే వంతుల్లో మార్పును ఆ ప్రాంతపు బడులకు ఒక రోజు ముందు తెలపాలి.

35. ఈ సభ స్థానిక సంస్థలను కోరునది ఏమనగా, బడ్జెట్‌లో బడి నీటికి ప్రత్యేక పద్దు కేటాయించాలి. 2022లో మొదలైన మన బస్తీ - మన బడి కార్యక్రమంలో నీటి వసతి పనులు మిగిలిపోయిన బడులను గుర్తించి, మార్చి నెలకు ముందే వాటిని పూర్తిచేయాలి.

36. ఈ సభ ఐలాలను, ఐటీ పార్కుల యాజమాన్యాలను కోరునది ఏమనగా, మరుగుదొడ్ల ఫ్లష్, కూలింగ్ టవర్లు, తోటలు, నిర్మాణ పనులు శుద్ధిచేసిన మురుగునీటితోనే నడపాలి. నగరంలో రూ. 3,866 కోట్లతో 31 కొత్త శుద్ధి కేంద్రాలు చేపట్టిన తర్వాత కూడా తోటకు తాగునీరు పోయడం సమర్థనీయం కాదు. ఇలా మిగిలిన మంచినీటిని ఎద్దడి కాలంలో అదే రోడ్డు మీది బడికి కేటాయించాలి. ఉద్యోగికీ విద్యార్థికీ ప్రమాణం 45 లీటర్లే అయినప్పుడు కోత భారం పిల్లల మీదే పడరాదు; ముందుగా పెద్దలకే ఉండాలి.

37. ఈ సభ జిల్లా కలెక్టర్లను, జిల్లా విద్యాధికారులను కోరునది ఏమనగా, జిల్లా హద్దుకు అటూ ఇటూ ఉన్న బడుల మధ్య పంపకానికి ఉమ్మడి ఉత్తర్వు ఇవ్వాలి. ఉత్తర్వులో నీరు ఇచ్చే బడికి, పుచ్చుకునే బడికి మధ్య దూరం చూడాలి గానీ జిల్లా పేరు చూడరాదు.

38. ఈ సభ ప్రభుత్వాన్ని కోరునది ఏమనగా, ఈ ప్రాంతపు చెరువుల పూర్తి నీటి మట్టం హద్దులను ఖరారు చేసి రాళ్లు పాతించాలి. వాటిలోకి మురుగు రాకుండా ఆపాలి. ప్రతి బడినీ దాని సమీప చెరువుకు సంరక్షక సంస్థగా గుర్తించాలి.

ఆరో భాగం: అమలు

39. ఈ సభ తీర్మానించినది ఏమనగా, ఈ తీర్మానం ముందుగా దీన్ని ఆమోదించిన వారికే వర్తిస్తుంది. సభ్య పాఠశాలలు 21, 22, 26, 28, 31, 33 అంశాలను ఎవరి ఉత్తర్వు కోసమూ ఎదురుచూడకుండా తక్షణం అమలు చేయాలి. సభ్య సంక్షేమ సంఘాలు తమ కాలనీలో శుద్ధి చేసిన నీటి వాడకం, బోర్ల వివరాలు బహిరంగంగా ప్రకటించాలి. ఇతరులను కోరే అర్హత ఆ తర్వాతే వస్తుంది.

40. ఈ సభ తీర్మానించినది ఏమనగా, ఈ తీర్మానం ప్రతులను జలమండలికి, స్థానిక సంస్థలకు, ఐలాలకు, మూడు జిల్లాల కలెక్టర్లకు, విద్యాధికారులకు పంపాలి. ప్రతి సభ్య పాఠశాల తదుపరి తల్లిదండ్రుల సమావేశంలో దీన్ని చదివి వినిపించాలి.

41. ఈ సభ తీర్మానించినది ఏమనగా, బడులు తెరిచిన తర్వాత జూన్ నెలాఖరులోగా సభ మళ్లీ సమావేశమై నీటి పద్దు పుస్తకాలను పరిశీలించాలి. ఏ బడిలో ఎన్ని రోజులు నీరు కనీస కొలతకు తగ్గిందో, అందుకు కారణం ఏమిటో పేరుపేరునా నమోదు చేయాలి. ఆ పట్టికలో ఒక్క బడి మిగిలి ఉన్నంతవరకు ఈ తీర్మానం అమలులోనే ఉంటుంది.

పై తీర్మానాన్ని సభ ఏకగ్రీవంగా ఆమోదించింది.